డన్స్: మహాపండితుడి పేరు తిట్టుగా మారిన వైనం

ఇంగ్లీషులో 'డన్స్' అంటే చదువు తలకెక్కనివాడు, మొద్దు, మందమతి. ఇప్పుడిది పాతబడిన తిట్టు. మాటల్లో అరుదుగా వినిపిస్తుంది. పాత నవలల్లో, వ్యంగ్య చిత్రాల్లో, బడి కథల్లో మాత్రం ఇంకా బతికే ఉంది. తలమీద కోసుగా నిలబడే కాగితం టోపీ పెట్టి, తరగతి గది మూలలో స్టూలు ఎక్కించిన కుర్రవాడి బొమ్మ ఈ మాటను అంటిపెట్టుకుని వస్తుంది. బుద్ధిలేనివాడిని పిలవడానికి వాడే ఈ మాట నిజానికి ఒక మనిషి పేరు. ఆ మనిషి మధ్యయుగపు యూరప్‌లో అందరికంటే సూక్ష్మంగా ఆలోచించినవాడని పేరు తెచ్చుకున్న తత్త్వవేత్త జాన్ డన్స్ స్కోటస్. భాషల చరిత్రలో ఇంత పెద్ద అన్యాయం జరిగిన పేర్లు తక్కువ.

స్కాట్లండ్ దక్షిణ కొసన, ఇంగ్లండ్ సరిహద్దుకు దగ్గర్లో, బెరిక్‌షైర్ ప్రాంతంలో డన్స్ అనే చిన్న ఊరుంది. సుమారు 1266లో ఆయన అక్కడ పుట్టాడని సంప్రదాయం చెబుతుంది. ఇంటిపేరులా నిలిచిన 'డన్స్' ఆ ఊరిదే. 'స్కోటస్' అంటే స్కాట్లండ్ వాడని. చిన్నవయసులోనే ఫ్రాన్సిస్కన్ సన్యాసుల సంఘంలో చేరాడు. ఆస్తి వద్దనుకుని, భిక్షతో బతుకుతూ బోధ చేసే సన్యాసులు వాళ్లు. 1291 మార్చి 17న నార్తాంప్టన్‌లో ఆయనకు గురుపట్టాభిషేకం జరిగింది. ఆయన జీవితంలో రోజుతో సహా తెలిసిన మొదటి ఘటన ఇదే; పుట్టిన సంవత్సరాన్ని కూడా దీన్నిబట్టే వెనక్కి లెక్కకట్టారు.

తరవాత ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, పాఠాలు చెప్పాడు. ఆ రోజుల్లో దైవశాస్త్రం చదివేవాడు ఎవరైనా 12వ శతాబ్దపు పండితుడు పీటర్ లొంబార్డ్ కూర్చిన 'సెంటెన్సెస్' అనే గ్రంథానికి వ్యాఖ్యానం చెప్పి తీరాలి. మన దేశంలో వేదాంతి కాదలచినవాడు బ్రహ్మసూత్రాలకు భాష్యం రాసినట్టే, అక్కడ ఒక పండితుడి సొంత ఆలోచన అంతా ఈ వ్యాఖ్యానం రూపంలోనే బయటికొచ్చేది. స్కోటస్ ఆ గ్రంథం మీద ఆక్స్‌ఫర్డ్‌లో ఒకసారి, పారిస్‌లో మరోసారి పాఠాలు చెప్పాడు. పారిస్‌లో ఉండగా రాజకీయం ఆయన మెడకు చుట్టుకుంది. ఫ్రాన్సు రాజు నాలుగో ఫిలిప్‌కూ, పోప్ ఎనిమిదో బోనిఫేస్‌కూ పోరు ముదిరి, 1303 జూన్‌లో సన్యాసులంతా ఎవరి పక్షమో తేల్చి చెప్పమన్నారు. స్కోటస్ పోప్ పక్షాన నిలిచాడు. దాంతో దేశం విడిచిపొమ్మన్నారు. మరుసటి ఏడు తిరిగి రానిచ్చాక, 1305లో పారిస్‌లో ఆచార్య పట్టం అందుకున్నాడు. 1307లో జర్మనీలోని కొలోన్ నగరానికి పంపారు. 1308 నవంబరు 8న అక్కడే చనిపోయాడు. అప్పటికి ఆయనకు నలభై రెండేళ్లు ఉంటాయేమో. రచనలు చాలావరకు దిద్దుబాటు పూర్తికాకుండానే మిగిలిపోయాయి. వాటిని శిష్యులు తమకు తోచినట్టు అతికి, పూరించి, ఎత్తి రాశారు. ఆయన రాత చదవడానికి కష్టమన్న నిందకు ఇదీ ఒక కారణం.

ఆయనకు సమకాలికులూ తరవాతివాళ్లూ ఇచ్చిన బిరుదు 'సూక్ష్మ పండితుడు'. ఆ బిరుదు ఊరికే రాలేదు. ఒకే అచ్చులో పోసిన రెండు ఇత్తడి చెంబులున్నాయి. లోహం ఒకటే, ఆకారం ఒకటే, బరువు ఒకటే. అయినా ఇది ఇదే, అది అదే. ఆ 'ఇదే' అన్నది ఎక్కడినుంచి వచ్చింది? పదార్థం వేరు కాబట్టి వస్తువులు వేరయ్యాయని థామస్ అక్వినాస్ వంటి పండితులు చెప్పారు. స్కోటస్ దీనితో తృప్తిపడలేదు. ప్రతి వస్తువుకూ, ప్రతి మనిషికీ జాతి లక్షణాల మీద అదనంగా, మరొకరితో పంచుకోలేని తనదైన ఒక తత్త్వం ఉంటుందన్నాడు. లాటిన్‌లో దానికి వాడిన మాటకు 'ఇదిత్వం' అని తెలుగు చెప్పుకోవచ్చు. వ్యక్తి అనేవాడు జాతికి ఒక నమూనా మాత్రమే కాదు, తనకు తానుగా పూర్తి అయినవాడు అన్న భావన దీని వెనక ఉంది. దేవుడు ఉన్నాడనే మాటలోనూ, రాయి ఉందనే మాటలోనూ 'ఉండటం' అన్నదానికి అర్థం ఒకటేనని ఆయన వాదించాడు. ఆ అర్థం ఒకటే కాకపోతే దేవుడి గురించి మనిషి ఏమీ తెలుసుకోలేడని ఆయన అభిప్రాయం. బుద్ధి కంటే సంకల్పానికి పెద్దపీట వేశాడు: బుద్ధి దారి చూపుతుంది, నడవాలో వద్దో సంకల్పం స్వేచ్ఛగా తేల్చుకుంటుంది.

క్రైస్తవ లోకంలో సామాన్యులకు కూడా ఆయన పేరు తెలియడానికి మరో వాదం కారణమైంది. ఏసు తల్లి మరియ తన తల్లి గర్భంలో పడిన క్షణం నుంచే జన్మపాపం అంటనిదని భక్తులు నమ్మేవారు. అక్వినాస్ సహా పెద్దపెద్ద పండితులు దీన్ని ఒప్పుకోలేదు. పాపమే లేకపోతే ఆమెను ఏసు రక్షించడానికి ఏముందని వాళ్ల ప్రశ్న. పాపంలో పడ్డాక లేవదీయడం కంటే అసలు పడకుండా కాపాడటమే గొప్ప రక్షణ అని స్కోటస్ బదులు చెప్పాడు. చిక్కుముడి విప్పిన ఈ జవాబే క్రమంగా నిలిచింది. 1854లో పోప్ తొమ్మిదో పయస్ ఈ విశ్వాసాన్ని కాథలిక్ చర్చి సిద్ధాంతంగా ప్రకటించాడు.

ఇలాంటివాడి పేరు తిట్టు కావడానికి ముందు రెండు వందల ఏళ్లు గడిచాయి. ఆయన అనుచరులు ఆక్స్‌ఫర్డ్, పారిస్, పాడువా విశ్వవిద్యాలయాల్లో బలమైన వర్గంగా ఎదిగారు. ఇంగ్లండ్‌లో వాళ్లను 'డన్స్‌మెన్' అనేవారు, అంటే డన్స్ మనుషులు. గురువు వేసిన ప్రతి విభజనకూ వీళ్లు మరో నాలుగు చేర్చారు. ప్రశ్న మీద ప్రశ్న, దాని మీద ఉపప్రశ్న. ఏ శాస్త్రమైనా రెండు మూడు తరాలు గడిచాక మూల ప్రశ్న మరిచి పరిభాష మీద బతకడం మొదలుపెడుతుంది. స్కోటస్ సంప్రదాయానికీ ఆ గతి పట్టిందని ఒప్పుకోక తప్పదు.

ఈలోగా యూరప్‌లో గాలి మారింది. గ్రీకు మూలాలు దొరికాయి, అచ్చుయంత్రం వచ్చింది, సిసిరో వంటి ప్రాచీన రచయితల శైలిలో అందమైన లాటిన్ రాయడం చదువుకు గుర్తు అయింది. మానవీయవాదులుగా పేరుపడిన ఈ కొత్త పండితులకు మధ్యయుగపు తర్కం కోడిగుడ్డుకు ఈకలు పీకే పనిగా కనిపించింది. 1490లలో పారిస్‌లో చదువుకున్న ఎరాస్మస్, అక్కడి స్కోటస్ పాఠాల మీద ఉత్తరాల్లో ఎత్తిపొడుపులు విసిరాడు. 1511లో అచ్చయిన 'మూర్ఖత్వ ప్రశంస'లో దైవశాస్త్ర పండితులందరినీ ఉతికి ఆరేశాడు. ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు చదువును అడ్డుకున్న పాతకాపులు తమను 'ట్రోజన్లు' అని పిలుచుకున్నారు, గ్రీకులతో పోరాడినవాళ్లన్నమాట. 1518లో థామస్ మోర్ విశ్వవిద్యాలయానికి ఘాటుగా ఉత్తరం రాసి గ్రీకును వెనకేసుకొచ్చాడు. బైబిలును ఇంగ్లీషులోకి తెచ్చిన విలియం టిండేల్ మత విషయాల్లో మోర్‌కు బద్ధవిరోధి. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. గ్రీకు, లాటిన్, హీబ్రూ చదువుల మీద డన్స్ శిష్యులు ప్రతి ప్రసంగ వేదికనుంచీ విరుచుకుపడ్డారని 1531లో మోర్‌కు జవాబుగా రాసిన పుస్తకంలోనే టిండేల్ మండిపడ్డాడు.

పండితుల పోరుకు రాజశాసనం తోడు కావడంతో కథ ముగింపుకొచ్చింది. ఎనిమిదో హెన్రీ పోప్‌తో తెగతెంపులు చేసుకున్నాక, 1535లో మంత్రి థామస్ క్రామ్‌వెల్ ద్వారా విశ్వవిద్యాలయాలకు ఆదేశాలు వెళ్లాయి. చర్చి ధర్మశాస్త్రం చెప్పకూడదు. లొంబార్డ్ గ్రంథానికి వ్యాఖ్యానాలు ఆపాలి. స్కోటస్ తదితరుల పనికిరాని ప్రశ్నలు వదిలి అరిస్టాటిల్, మెలాంక్తన్ వంటివారిని చదవాలి. కేంబ్రిడ్జ్‌కు వెళ్లిన ఆదేశాల్లో స్కోటస్‌ను పేరు పెట్టి చెప్పారు. ఆక్స్‌ఫర్డ్‌కు తనిఖీకి వెళ్లిన రాజోద్యోగి రిచర్డ్ లేటన్ ఆ సెప్టెంబరులో క్రామ్‌వెల్‌కు రాసిన ఉత్తరం ఈ మాట చరిత్రలోకెల్లా విలువైన సాక్ష్యం. డన్స్‌ను బొకార్డోలో పడేశామని, ఆక్స్‌ఫర్డ్ నుంచి శాశ్వతంగా వెళ్లగొట్టామని అతను సంబరంగా రాశాడు. బొకార్డో ఆ ఊరి ఉత్తర ద్వారం మీది జైలు. తర్కశాస్త్రంలో ఒక అనుమాన రూపానికీ అదే పేరు. తర్కపండితుడిని తర్కం పేరున్న చెరలోనే వేశామన్న చమత్కారం అందులో ఉంది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి రాజ్యం కాథలిక్ రాణి మేరీ చేతికొచ్చింది. అప్పుడు ఆ జైల్లో మగ్గినవాళ్లు క్రాన్మర్, లాటిమర్, రిడ్లీ, అంటే ఈ కొత్త మతానికి పెద్దలే.

లేటన్ అదే ఉత్తరంలో ఇంకా చెప్పాడు. స్కోటస్ గ్రంథాల కాగితాలు మరుగుదొడ్లలో గుంజలకు మేకులు కొట్టి, అందరి వాడకానికీ వేలాడదీసి ఉన్నాయట. తాను కళ్లారా చూశానన్నాడు. న్యూ కాలేజీకి రెండోసారి వెళ్లేసరికి ప్రాంగణమంతా చిరిగిన పుటలు గాలికి ఎగురుతున్నాయి. బకింగ్‌హామ్‌షైర్ పెద్దమనిషి ఒకడు వాటిని ఏరుకుంటున్నాడు. వేటలో జింకలు అడవి దాటి పోకుండా బెదిరించడానికి తాళ్లకు కట్టే రెపరెపలకు ఆ కాగితాలు పనికొస్తాయట. తరతరాలు చేత్తో ఎత్తి రాసుకుని, బోధించి, వాదించుకున్న పుస్తకాలు అవి. పుస్తకాన్ని ప్రేమించేవారెవరికైనా ఆ ఉత్తరం చదివితే మనసు కలుక్కుమంటుంది. కొత్త చదువు గొప్పదే కావచ్చు. పాత చదువుకు చేసిన ఈ పని మాత్రం చదువరులు చేయదగింది కాదు.

పుస్తకాలు పోయాక పేరొక్కటే మిగిలింది. అర్థం మారిన తీరు అక్కడినుంచి చూడాలి. మొదట్లో ఎవరినైనా 'డన్స్' అంటే స్కోటస్ అనుచరుడని మాత్రమే. తరవాత వితండవాది, మాటలు పీకి పాకం పెట్టేవాడు. ఆపైన పుస్తకాలు మోస్తూ బుద్ధి వికసించని పుస్తకాల పురుగు. 16వ శతాబ్దం చివరి పాతికేళ్లకు చదువు అబ్బనివాడు, మొద్దు అన్న అర్థం ఖాయమైంది. మితిమీరిన సూక్ష్మత అన్న నింద మూడు మెట్లు దిగి బుద్ధిలేమి అన్న నింద అయింది. మెట్టు మెట్టుకూ చూస్తే ఇందులో వింత లేదు: కొత్త విద్య నేర్వని పాతవాడు కొత్తవాడి కళ్లకు నేర్వలేనివాడుగానే కనిపిస్తాడు. గెలిచినవాళ్లు ఓడినవాళ్లకు పెట్టిన పేరు ఇది. అందుకే ఇంగ్లీషులోనే ఈ తిట్టు పుట్టింది. ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్సుల్లోని కాథలిక్ విద్యాలయాల్లో ఆ కాలమంతా స్కోటస్ గౌరవంగానే ఉన్నాడు. ఐర్లండ్ ఫ్రాన్సిస్కన్ ల్యూక్ వాడింగ్ 1639లో ఫ్రాన్సులోని లియాన్‌లో ఆయన రచనలను భారీ సంపుటాలుగా అచ్చువేయించాడు. అప్పటికి ఇంగ్లండ్‌లో ఆ పేరు బడిపిల్లల తిట్టు.

సాహిత్యంలో ఈ మాటకు పెద్ద పట్టం కట్టినవాడు కవి అలెగ్జాండర్ పోప్. 1728లో ఆయన 'డన్సియాడ్' అనే వ్యంగ్య కావ్యం వెలువరించాడు. ఇలియడ్ వంటి వీరకావ్యాల ఫక్కీలో సాగే ఈ కావ్యంలో మందమతుల రాజ్యానికి రాజును ఎన్నుకుంటారు. తొలి కూర్పులో ఆ రాజు లూయిస్ తియోబాల్డ్. అతని నేరమల్లా ఒకటే: 1725లో పోప్ పరిష్కరించిన షేక్‌స్పియర్ నాటకాల్లోని తప్పులను మరుసటి ఏడు ఒక పుస్తకంలో ఎత్తిచూపాడు. షేక్‌స్పియర్ పాఠ పరిష్కర్తగా తియోబాల్డ్ పోప్ కంటే సమర్థుడని తరవాతి పండితులు ఒప్పుకున్నారు. అతను సూచించిన సవరణల్లో కొన్ని నేటికీ మూలంలో భాగంగా అచ్చవుతున్నాయి. ఓపిగ్గా అక్షరాలు సరిచూసే పండితుణ్ణి, శైలి గల కవి 'డన్స్' అన్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన కథే మళ్లీ జరిగింది. 1743లో కావ్యాన్ని పెంచి రాసినప్పుడు పోప్ తియోబాల్డ్‌ను దించి, ఆస్థానకవి కోలీ సిబర్‌ను సింహాసనం ఎక్కించాడు. పోప్ మిత్రుడు జొనాథన్ స్విఫ్ట్ కూడా ఈ మాటను గుర్తుండిపోయేలా వాడాడు. లోకంలోకి నిజమైన ప్రతిభావంతుడు వస్తే డన్స్‌లంతా అతని మీద కూటమి కడతారని ఆయన భావం. 1980లో వెలువడిన జాన్ కెనడీ టూల్ నవల 'ఎ కాన్ఫెడరసీ ఆఫ్ డన్సెస్'కు పేరు అక్కడినుంచే వచ్చింది. ఆ రచయిత 1969లోనే చనిపోయాడు. నవల వెలువడిన మరుసటి ఏడు, 1981లో, దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది.

కావ్యాల్లో పెద్దవాళ్ల మీద విసిరిన మాట బడిలో పిల్లల మీద పడింది. వెనకబడిన పిల్లలను వేరుగా కూర్చోబెట్టే 'డన్స్ బల్ల' ప్రస్తావన 1624 నాటి ఒక ఇంగ్లీషు నాటకంలోనే ఉంది. కోసు టోపీ బాగా ప్రచారమైంది 19వ శతాబ్దంలో. చార్లెస్ డికెన్స్ 1840లో మొదలుపెట్టిన 'ది ఓల్డ్ క్యూరియాసిటీ షాప్' నవలలో ఒక పల్లెబడి వర్ణన ఉంది. అక్కడ పాత వార్తాపత్రికలతో చేసి రంగు బిళ్లలు అతికించిన డన్స్ టోపీ ప్రత్యేకంగా ఒక అరలో కనిపిస్తుంది. పాఠం అప్పజెప్పలేని పిల్లవాడికి అది తొడిగి అందరికీ కనబడేలా నిలబెట్టేవారు.

ఆ కాలపు బ్రిటిష్ పేదల బళ్లను ఊపేసిన పద్ధతి ఒకటి మద్రాసులో పుట్టింది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతగురువు 1789 నుంచి ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమంలో పనిచేశాడు. వీధిబడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చదువు చెప్పించే ఏర్పాటు చేశాడు. 1797లో లండన్‌లో దాని గురించి పుస్తకం అచ్చువేశాక అది 'మద్రాసు పద్ధతి'గా పేరుపడింది. ఇలాంటి పద్ధతినే నడిపిన జోసెఫ్ లాంకాస్టర్ బెత్తం వద్దన్నాడు. దాని బదులు అవమానాన్ని తెచ్చాడు: మెడలో కొయ్యదుంగ కట్టడం, బుట్టలో కూర్చోబెట్టి దూలానికి వేలాడదీయడం. ఒంటిమీద దెబ్బ పడలేదు కాబట్టి ఇది దయ అని ఆయన నమ్మాడు. కోసు టోపీ కూడా ఇదే నమ్మకంతో బళ్లలో నిలదొక్కుకుంది. దెబ్బ నాలుగు రోజుల్లో మానుతుంది. తోటిపిల్లల నవ్వు ఏళ్ల తరబడి చెవిలో మోగుతుంది. పిల్లలకు ఈ టోపీ చేసిన చేటు చిన్నది కాదు.

టోపీ గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. కోసు టోపీ పెట్టుకుంటే జ్ఞానం గరాటాలో పోసినట్టు తలలోకి దిగుతుందని స్కోటస్ నమ్మాడని, శిష్యులచేత అలాంటివి పెట్టించాడని చెబుతారు. దీనికి ఆయన కాలం నాటి ఆధారం ఎవరూ చూపలేదు. టోపీకి డన్స్ పేరు అంటుకున్నది ఆయన పోయిన కొన్ని శతాబ్దాలకు. దీన్ని విదూషకుల గంటల టోపీతో కూడా కలపకూడదు. ఆ విదూషక టోపీ గుర్తును 15వ శతాబ్దం నుంచి కాగితం తయారీదారులు నీటిముద్రగా వేసేవారు. మన ఆఫీసుల్లో, పరీక్ష హాళ్లలో తరాల తరబడి వాడిన ఫుల్‌స్కేప్ కాగితానికి పేరు వచ్చింది దానినుంచే.

20వ శతాబ్దంలో బళ్లు ఈ టోపీని క్రమంగా వదిలేశాయి. భారతదేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. మొద్దు అని పేరుపెట్టి తరగతిలో నిలబెట్టడం ఇప్పుడు తెలుగునాట బళ్లలోనూ చట్టవిరుద్ధమే.

పేరు పోగొట్టుకున్న పండితుడికి మర్యాద తిరిగి దక్కడం 19వ శతాబ్దంలో మొదలైంది. ఇంగ్లీషు కవి జెరార్డ్ మాన్లీ హాప్కిన్స్ 1872లో స్కోటస్‌ను చదివి పరవశించాడు. ప్రతి ఆకుకూ, ప్రతి పిట్టకూ దానిదైన రూపు ఉంటుందన్న తన అనుభవానికి ఆ పండితుడి తత్త్వంలో ఆధారం దొరికిందనుకున్నాడు. 1879లో ఆక్స్‌ఫర్డ్ మీద రాసిన కవితకు స్కోటస్ పేరే పెట్టాడు. అమెరికా తార్కికుడు చార్లెస్ శాండర్స్ పర్స్ తన వాస్తవవాదానికి స్కోటస్ రుణం ఉందని బాహాటంగా ఒప్పుకున్నాడు. జర్మన్ తత్త్వవేత్త మార్టిన్ హైడెగర్ 1915లో తన అధ్యాపక అర్హత గ్రంథాన్ని స్కోటస్ మీదే రాశాడు. అందులో ఆధారంగా తీసుకున్న వ్యాకరణ గ్రంథం మరొకరిదని, ఎర్ఫర్ట్‌కు చెందిన థామస్ రాసిందని తరవాత తేలింది. స్కోటస్ రచనలు ఎంత కలగలిసిపోయాయో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

1993 మార్చి 20న పోప్ రెండో జాన్ పాల్ ఆయనను ధన్యజీవుల వరసలో చేర్చాడు. వర్ధంతి అయిన నవంబరు 8న స్మరణ జరుగుతుంది. సమాధి కొలోన్‌లోని ఫ్రాన్సిస్కన్ చర్చిలో ఉంది. సొంత ఊరు డన్స్‌లో విగ్రహం నిలిపారు. వీటన్నిటికంటే పెద్ద సేవ చేసినవాళ్లు ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్న రాతప్రతులను పక్కపక్కన పెట్టి, శిష్యుల చేర్పులను వేరుచేసి, స్కోటస్ అసలు మాటను తేల్చిన పండితులు. ఫ్రాన్సిస్కన్ సంఘం 1938లో ఇందుకు ఒక బృందాన్ని నియమించింది. ఆక్స్‌ఫర్డ్ పాఠాల ఆధారంగా ఆయన సొంతంగా దిద్దుకుంటూ వచ్చిన ప్రధాన గ్రంథం 'ఆర్డినాషియో' మొదటి సంపుటం 1950లో వాటికన్ అచ్చులో వెలువడింది. పద్నాలుగో సంపుటంతో ఆ గ్రంథం పూర్తయింది 2013లో.